ఎవరిలో ఎంత శాతం?
(అనంతపురంలో సర్వే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, రాయదుర్గం, ధర్మవరం, కదిరి, హిందూపురం మొదలైన ఊళ్ల నుంచి మీరంతా పూర్తి చేసిన సర్వే ఫారాల కట్టలతో ఇక్కడికి వచ్చారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, తలుపు తీసిన వారితోనూ తీయని వారితోనూ ఓపికగా మాట్లాడి ఈ సమాచారం సేకరించారు. అల్లాహ్ మీ శ్రమకు తగిన ప్రతిఫలం ప్రసాదించుగాక. ఇక ఈ ఫారాలను పట్టికలుగా మార్చాలి, పట్టికల నుంచి శాతాలు తీయాలి, ఆ శాతాలను వినతిపత్రంలో రాసి అధికారుల ముందు ఉంచాలి. ఇందులో నడిమి పని, అంటే పట్టిక నుంచి శాతం తీయడం, చూడటానికి చాలా సులభం. తప్పులు ఎక్కువగా దొర్లేది కూడా అక్కడే. కనుక ఈ పూట దాని గురించే మాట్లాడదలచాము.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన వాళ్లము. ఎన్నో సంఘాల వినతిపత్రాలు మా బల్ల మీదుగా పైకి వెళ్లేవి. పై అధికారి వాటిలోని ఆవేదనను చదివేవారు, తల ఊపేవారు. కాని కలం పట్టుకునే ముందు ఒకే ప్రశ్న వేసేవారు: “ఇక్కడ 50 శాతం అని రాశారు. దేనిలో 50 శాతం?” దానికి జవాబు కాగితంలోనే ఉంటే ఫైలు ముందుకు కదిలేది. లేకపోతే “తగిన వివరాలతో మళ్లీ సమర్పించవలసినది” అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చేది. వినతిపత్రం ఇచ్చినవారి కష్టం నిజమైనదే. కాని ఆ కష్టానికి చేసిన లెక్క నిలబడేది కాదు.

ఒకే అంకె, మూడు శాతాలు

ముందుగా ఒక చిన్న పట్టిక వేసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేము కల్పించినవి, ఏ ఊరివీ కావు. 15 నుంచి 17 ఏళ్ల వయసు గల పిల్లలు 400 మంది ఉన్నారనుకుందాం. వారిలో మగపిల్లలు, ఆడపిల్లలు అడ్డు వరుసలు. చదువుతున్నవారు, మానేసినవారు నిలువు వరుసలు.

| | చదువుతున్నవారు | మానేసినవారు | మొత్తం |
|---|---|---|---|
| మగపిల్లలు | 150 | 100 | 250 |
| ఆడపిల్లలు | 75 | 75 | 150 |
| మొత్తం | 225 | 175 | 400 |

శాతాల జోలికి పోకముందే చేయవలసిన పని ఒకటి ఉన్నది. అడ్డంగా కూడితే వచ్చే మొత్తాలు, నిలువుగా కూడితే వచ్చే మొత్తాలు కింద కుడి మూలనున్న 400 దగ్గర కలవాలి. 250, 150 కలిపితే 400. 225, 175 కలిపితే 400. కలవకపోతే ఎక్కడో ఒక ఫారం రెండుసార్లు లెక్కకు ఎక్కినట్టు, లేదా అసలు ఎక్కనట్టు. అది తేలేదాకా ముందుకు పోరాదు.

ఇప్పుడు చదువు మానేసిన ఆడపిల్లల గడిని చూడండి. అక్కడ 75 అని ఉన్నది. ఇది ఎంత శాతం?

ఆడపిల్లలు మొత్తం 150 మంది. 75ను 150తో భాగించి నూటితో హెచ్చిస్తే 50 శాతం. మానేసినవారు మొత్తం 175 మంది. 75ను 175తో భాగిస్తే సుమారు 42.9 శాతం. పిల్లలందరూ 400 మంది. 75ను 400తో భాగిస్తే 18.75 శాతం. పైన ఉన్న లవం మూడు చోట్లా ఒక్కటే. కింద ఉన్న హారం మారింది, జవాబు మారింది. మూడు లెక్కలూ సరైనవే. ప్రతి ఒక్కటీ వేరొక ప్రశ్నకు జవాబు.

ఏ ప్రశ్నకు ఏ హారం అన్నది గుర్తుంచుకోవడానికి మన తెలుగు భాషే ఒక దారి చూపుతున్నది. “ఆడపిల్లల్లో చదువు మానేసినవారు ఎందరు?” అని ఒకసారి, “చదువు మానేసినవారిలో ఆడపిల్లలు ఎందరు?” అని మరొకసారి అనండి. ఏ మాటకు ‘లో’ చేరిందో ఆ మాటే హారం. మొదటి వాక్యంలో ‘లో’ ఆడపిల్లలకు చేరింది, కనుక 150తో భాగించాలి. రెండవ వాక్యంలో మానేసినవారికి చేరింది, కనుక 175తో భాగించాలి. “సర్వే చేసిన పిల్లలందరిలో” అంటే 400తో భాగించాలి. మీరు రాసే ప్రతి శాతానికి ముందు ‘లో’ ఉన్న మాట ఒకటి తప్పక ఉండాలి. “ఆడపిల్లల డ్రాపౌట్ 50 శాతం” అని రాస్తే ‘లో’ కనబడదు, హారం కూడా కనబడదు. అధికారి అడిగే ప్రశ్న అక్కడే పుడుతుంది.

పెద్ద అంకె కోసం వెతకరాదు

ఈ పట్టికనే చూపి ఎవరైనా, “చదువు మానేసినవారిలో మగపిల్లలే ఎక్కువ, 57 శాతం ఉన్నారు. కాబట్టి ఆడపిల్లలకు ప్రత్యేక హాస్టల్ అక్కరలేదు” అని వాదించవచ్చు. నూరును నూట డెబ్భై అయిదుతో భాగిస్తే 57.1 వస్తుంది, అబద్ధమేమీ లేదు. కాని సర్వేలో మగపిల్లలే ఎక్కువమంది ఉన్నారు కనుక, మానేసినవారిలోనూ వారే ఎక్కువగా కనబడతారు. ఒక ఆడపిల్లకు చదువు ఆగిపోయే అవకాశం ఎంత అన్నది మన ప్రశ్న. దానికి అడ్డు వరుస శాతమే చూడాలి: ఆడపిల్లల్లో 50 శాతం, మగపిల్లల్లో 40 శాతం. రెండు సమూహాలను పోల్చేటప్పుడు ఏ సమూహాన్ని ఆ సమూహపు మొత్తంతోనే భాగించాలి. ఇది మొదటి సూత్రం.

నిలువు వరుస శాతానికి కూడా ఉపయోగం లేకపోలేదు. మానేసినవారి కోసం సాయంకాలపు తరగతులు నడపాలంటే, అందులో ఆడపిల్లలకు ఎన్ని చోట్లు ఉంచాలి? మానేసినవారిలో ఆడపిల్లలు 42.9 శాతం కనుక నూరు చోట్లలో 43. ఇక్కడ ప్రశ్న పంపకం గురించి, అవకాశం గురించి కాదు. కనుక ఇక్కడ హారం 175.

కొందరు యువకులు “మూడింటిలో పెద్ద అంకె ఏదో అదే రాద్దాం, మన బాధ గట్టిగా వినబడుతుంది” అంటారు. సోదరులారా, కొలతల్లో తక్కువ చేసేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే అధ్యాయమే ఉన్నది. తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి ఆ హెచ్చరిక. మన కష్టానికి ఒక హారం, ఎదుటివారి కష్టానికి మరొక హారం వాడితే అది ఆ కోవలోనిదే అవుతుంది. ధర్మం మాట అటుంచి, తెలివి దృష్టితో చూసినా అది నష్టమే. పట్టిక అందరి కళ్ల ముందూ ఉంటుంది. తప్పు హారాన్ని ఒక్కచోట పట్టుకుంటే చాలు, మిగిలిన నూరు సరైన అంకెలనూ నమ్మరు.

సచార్ కమిటీ అంకెలను ఎలా చదవాలి?

మన సభల్లో తరచుగా వినబడే అంకెల మీద ఈ ‘లో’ సూత్రాన్ని పెట్టి చూద్దాం. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన 2005లో నియమించిన కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఐఏఎస్ అధికారుల్లో ముస్లింలు 3 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అందులో ఉన్నది. ఇక్కడ ‘లో’ అధికారులకు చేరింది. హారం అధికారుల సంఖ్య. “ముస్లింలలో 3 శాతం ఐఏఎస్‌లు” అని ఎవరైనా వేదిక మీద అంటే, కోట్లాది ముస్లింలలో నూటికి ముగ్గురు కలెక్టర్లయినట్టు! నవ్వుకోవలసిన మాటే, కాని ఇటువంటివి కరపత్రాల్లో అచ్చయి తిరుగుతూనే ఉంటాయి.

మరి ఆ 3 శాతం తక్కువ అని ఎలా చెప్పగలం? ఒంటరిగా నిలబడితే 3 ఎక్కువా కాదు, తక్కువా కాదు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఆ 13.4 పక్కన పెట్టినప్పుడే 3కు అర్థం వస్తుంది. మన పట్టికలోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. సర్వే చేసిన పిల్లల్లో ఆడపిల్లలు 37.5 శాతం, మానేసినవారిలో 42.9 శాతం. జనాభాలోని వాటా కన్నా నష్టంలోని వాటా ఎక్కువగా ఉన్నది. కనుక వాటా శాతం రాసినప్పుడల్లా దాని పక్కన జనాభా వాటా కూడా రాయాలి. ఇది రెండవ సూత్రం.

రిజర్వేషన్లలోని 4 శాతం కూడా ఇటువంటిదే. సీట్లలో, ఉద్యోగాల్లో 4 శాతం అని దాని అర్థం. ముస్లింలలో 4 శాతం మందికి ఉద్యోగాలు అని కాదు. మనపై విమర్శ చేసేవారూ, మనలో కొందరూ దీన్ని తలకిందులు చేసి మాట్లాడటం విన్నాము.

68 శాతం అక్షరాస్యత అనే చిక్కుముడి

2001 జనాభా లెక్కలు వచ్చినప్పుడు ఒక అంకె మనవారిని ఇబ్బంది పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 60.5 శాతం. రాష్ట్రంలోని ముస్లింల అక్షరాస్యత 68 శాతం. దేశమంతటా చూస్తే దీనికి విరుద్ధంగా ఉన్నది: దేశ సగటు 64.8, ముస్లింలది 59.1. “ఆంధ్రలో ముస్లింలు సగటు కన్నా ముందున్నారు, ఇక వెనుకబాటు ఎక్కడ?” అని కొందరు అడిగారు. ఆ అంకెను దాచిపెట్టాలని చూసినవారు మనలోనూ ఉన్నారు. దాచవలసిన పని లేదు, విడదీసి చదవవలసిన పని ఉన్నది.

అప్పటి రాష్ట్ర జనాభాలో పట్టణవాసులు 27.3 శాతం. ముస్లింలలో మాత్రం సగానికి మించి పట్టణాల్లోనే నివసిస్తున్నారు. పట్టణంలో బడి దగ్గర, అక్షరాస్యత ఎక్కువ. రాష్ట్రంలో పట్టణ అక్షరాస్యత 76 శాతం, గ్రామాలది 54.5 శాతం. కనుక ఎక్కువమంది పట్టణాల్లో ఉన్న సమూహాన్ని, ఎక్కువమంది పల్లెల్లో ఉన్న సమూహంతో గంపగుత్తగా పోల్చితే ఏమవుతుందో చూడండి. ఇవి కూడా కల్పిత అంకెలే.

| | ముస్లింలు | అక్షరాస్యులు | ఇతరులు | అక్షరాస్యులు |
|---|---|---|---|---|
| పట్టణం | 600 | 432 | 250 | 200 |
| గ్రామం | 400 | 208 | 750 | 405 |
| మొత్తం | 1000 | 640 | 1000 | 605 |

కింది వరుస చూస్తే ముస్లింలలో 64 శాతం, ఇతరుల్లో 60.5 శాతం అక్షరాస్యులు. ముస్లింలు ముందున్నారు. ఇప్పుడు పై వరుసలు చూడండి. పట్టణంలో ముస్లింలు 72 శాతం, ఇతరులు 80 శాతం. గ్రామంలో ముస్లింలు 52 శాతం, ఇతరులు 54 శాతం. పట్టణంలోనూ వెనుక, గ్రామంలోనూ వెనుక, మొత్తంలో మాత్రం ముందు! లెక్కలో తప్పేమీ లేదు. పట్టణంలో ఉన్నవారి బరువు మొత్తాన్ని పైకి లాగింది. గణాంకవేత్తలు దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు.

అయితే మన రాష్ట్రంలో నిజంగా జరిగింది అచ్చంగా ఇదేనని మేము చెప్పడం లేదు. పట్టణాన్ని పట్టణంతో, గ్రామాన్ని గ్రామంతో పోల్చకుండా ఆ 68 మీద తీర్పు చెప్పరాదని మాత్రమే చెబుతున్నాము. విడదీసి చూసినప్పుడు ఒకచోట మనవారే ముందున్నారని తేలవచ్చు. తేలితే అదే రాయాలి. ఆడపిల్లను ఆడపిల్లతో, పట్నాన్ని పట్నంతో, కూలి కుటుంబాన్ని కూలి కుటుంబంతో పోల్చినప్పుడు ఎక్కడ వెనుకబడి ఉన్నామో కచ్చితంగా తెలుస్తుంది. సహాయం అడగవలసినది కూడా అక్కడే.

ఇంకొక మాట. జనాభా లెక్కల్లో అక్షరాస్యత శాతానికి హారం ఏడేళ్లు నిండినవారు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులే. పదవ తరగతి దాటారా, డిగ్రీ చేరారా అన్నది ఆ అంకె చెప్పదు. కనుక మన ఫారంలో “చదువు వచ్చా?” అన్న గడితో ఆగక, ఎంతవరకు చదివారన్న గడి కూడా పెట్టాము.

కోర్టు మెట్ల మీద లెక్కలు

ఈ శ్రద్ధ ఎందుకో తెలియాలంటే మన రాష్ట్ర చరిత్రే చాలు. 2004 జులైలో అప్పటి ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్నది ప్రధాన కారణాల్లో ఒకటిగా హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో దాన్ని కొట్టివేసింది. కమిషన్ నివేదిక ఆధారంగా 2005లో చేసిన చట్టం కూడా నవంబరులో నిలవలేదు. 2007లో కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఇచ్చారు. ముస్లింలందరినీ ఒకటిగా కాక, సామాజికంగా వెనుకబడిన ముస్లిం సమూహాలను గుర్తించి బీసీ-ఇ వర్గంగా 4 శాతం కల్పిస్తూ చట్టం వచ్చింది.

5 ఎందుకు 4 అయిందో కూడా శాతాల లెక్కే. అప్పటికే బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, వెరసి 46 శాతం. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పు ప్రకారం మొత్తం 50 మించరాదు. 5 కలిపితే 51, 4 కలిపితే 50.

2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం అయిదుగురు ఇద్దరుగా చీలి ఆ చట్టాన్ని కూడా కొట్టివేసింది. వెనుకబాటును తేల్చడానికి కమిషన్ అనుసరించిన సర్వే, కొలమానాలు ఆ మెజారిటీ పరీక్షకు నిలవలేదు. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, గుర్తించిన 14 సమూహాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చింది, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆ ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు ఎందరో ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లో సీట్లు పొందారు. వారి భవిష్యత్తు న్యాయవాదుల వాగ్ధాటి మీద ఎంత ఆధారపడి ఉన్నదో, ఎక్కడో ఎవరో తయారుచేసిన పట్టికల మీదా అంతే ఆధారపడి ఉన్నది.

మన సర్వే కోర్టుకు వెళ్లేది కాకపోవచ్చు. కాని కమిషన్లు వచ్చినప్పుడు సంఘాలను పిలిచి వివరాలు అడుగుతాయి. అప్పుడు ఇచ్చే కాగితం ఏ పరీక్షకైనా నిలిచేలా ఉండాలి.

గడులు ఎవరివి?

పట్టిక కట్టేటప్పుడు ప్రతి మనిషీ ఒక్క గడిలోనే పడాలి, ఏ మనిషీ గడి లేకుండా మిగలరాదు. మన జిల్లాలో దీనికి మొదటి పరీక్ష దూదేకుల, నూర్‌బాషా సోదరుల విషయంలో వస్తుంది. వారు బీసీ-బి జాబితాలో ఉన్నారు. బీసీ-ఇలో లేరు. “ముస్లింలు” అనే వరుసలో ఒక ఊరివారు వారిని చేర్చి, మరొక ఊరివారు వదిలేస్తే రెండు ఊళ్ల శాతాలను పోల్చలేము. ముస్లింల వరుసలో అందరినీ చేర్చండి. దాని కింద బీసీ-ఇ, బీసీ-బి, ఈ జాబితాల్లో లేని సయ్యద్, పఠాన్ తదితరులు అని వేరు వరుసలు ఇవ్వండి. కావలసినప్పుడు కలపవచ్చు, కావలసినప్పుడు విడదీయవచ్చు. కలిపి రాసినదాన్ని తరువాత విడదీయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

రెండవ పరీక్ష “పని” గడి. రాయదుర్గంలో గాని, హిందూపురంలో గాని, ఇంట్లో కుట్టుమిషన్ మీద ముక్కల లెక్కన కుట్టే సోదరిని గురించి ఇంటి పెద్దను అడిగితే “ఇంట్లోనే ఉంటుంది” అంటారు. మీరు “పని లేదు” అని రాస్తే ఆమె పనిచేసేవారి హారంలో నుంచి మాయమవుతుంది. కార్మికులకు వచ్చే పథకం ఏదైనా ఆమెకు చేరదు. ఆమెనే అడగండి.

తాళం వేసిన ఇళ్లు

అనంతపురం జిల్లా వర్షపాతం ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పండని ఏడు కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరుకు పనికి పోతాయి. మీలో చాలామంది ఫారాల మీద “తాళం” అని రాసి తెచ్చారు. ఆ ఫారాలను పారవేయకండి.

300 ఇళ్లలో 40 ఇళ్లకు తాళం ఉన్నదనుకుందాం. మిగిలిన 260 ఇళ్లలో 104 ఇళ్లకు వడ్డీ అప్పు ఉన్నది. 104ను 260తో భాగిస్తే 40 శాతం. 300తో భాగిస్తే 34.7 శాతం. రెండవది రాస్తే తాళం వేసిన ఇళ్లవారెవరికీ అప్పు లేదని మనమే చెప్పినట్టు. అప్పు తీర్చలేకనే వలస పోయి ఉంటే? ఆ నలభై ఇళ్లకూ అప్పు ఉంటే 300లో 144, అంటే 48 శాతం. కనుక ఇలా రాయండి: “సమాధానమిచ్చిన 260 ఇళ్లలో 104 ఇళ్లకు, అంటే 40 శాతానికి అప్పు ఉన్నది. 40 ఇళ్లకు తాళం వేసి ఉన్నది.” తెలియనిదాన్ని తెలియదని రాసిన కాగితానికే విలువ ఎక్కువ.

మన మొదటి పట్టికలో 250 మంది మగపిల్లలకు 150 మందే ఆడపిల్లలు ఉన్నారని గమనించారా? అటువంటి తేడా మీ ఊరి పట్టికలో కనబడితే శాతాలు తీయకముందే ఆగి ఆలోచించండి. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన పదిహేడేళ్ల పిల్లను పుట్టింటివారు చెప్పలేదా? అత్తవారింట్లో “కోడలు” అని రాసుకొని వయసు అడగలేదా? చదువు ఆగిపోయిన పిల్లలే లెక్కలో నుంచి జారిపోతే, మిగిలినవారిలో తీసిన శాతం ఉన్న కష్టం కన్నా తక్కువ చూపుతుంది.

మరికొన్ని జాగ్రత్తలు

చిన్న మొత్తాలకు శాతాలు వద్దు. ఒక పల్లెలో మన కుటుంబాలు ఎనిమిదే ఉంటే, అందులో మూడింటికి రేషన్ కార్డు లేకపోతే “8లో 3” అని రాయండి. 37.5 శాతం అంటే చదివేవారికి అదేదో పెద్ద ఊరు అనిపిస్తుంది.

శాతాలను శాతాలతో సగటు కట్టరాదు. పల్లెలో 20 మందిలో 10 మంది, అంటే 50 శాతం. పట్నంలో 200 మందిలో 180 మంది, అంటే 90 శాతం. రెంటినీ కలిపి సగం చేస్తే 70 వస్తుంది, అది తప్పు. మనుషులను కలపాలి: 220 మందిలో 190 మంది, అంటే 86.4 శాతం. కనుక మీరు పంపే కాగితంలో శాతంతో పాటు అసలు సంఖ్య తప్పక ఉండాలి. అది లేకపోతే ఊళ్లను కలపడం మాకు సాధ్యం కాదు.

40 శాతం 50 శాతమైతే పెరుగుదల పది పాయింట్లు. పాత అంకె మీద చూస్తే 25 శాతం పెరుగుదల. ఏది చెబుతున్నారో స్పష్టంగా రాయండి.

2022 ఏప్రిల్‌లో మన జిల్లా రెండయింది. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనాభా లెక్కల్లోని 40 లక్షల 81 వేల జనాభా ఉమ్మడి జిల్లాది. నేటి అనంతపురం జిల్లా అంకెను నాటి ఉమ్మడి జిల్లా అంకెతో పోల్చితే హారమే వేరు. పోల్చవలసి వస్తే రెండు జిల్లాలనూ కలిపి పోల్చండి, లేదా మండలం వారీగా పోల్చండి.

ముగింపు

సోదర సోదరీమణులారా, మీ చేతుల్లోని ఫారాలు ప్రజలు మనకు అప్పగించిన అమానత్. తమ ఇంటి అప్పును, ఆగిపోయిన కూతురి చదువును, లేని రేషన్ కార్డును మీకు చెప్పినవారు, అవి ఎక్కడో ఒకచోట సరిగా లెక్కకు వస్తాయన్న నమ్మకంతోనే చెప్పారు. భోజనం తరువాత ఊరి వారీగా కూర్చొని మీ మీ పట్టికలు వేయండి. ముందు అడ్డం, నిలువు మొత్తాలు కలిపి చూడండి. ప్రతి శాతం పక్కన ‘లో’ ఉన్న మాట రాయండి. దాని కింద అసలు సంఖ్య రాయండి. తాళం ఇళ్లు, జవాబు రాని ప్రశ్నలు వేరే గడిలో ఉంచండి. కలవని పట్టిక ఏదైనా ఉంటే సిగ్గుపడకుండా మా దగ్గరకు తీసుకురండి, కలిసి సరిచేద్దాం. సాయంకాలం అస్ర్ నమాజు లోపు అన్ని పట్టికలూ ఒకచోట చేరాలి.

మన శ్రమను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్. వస్సలామ్.